వీధిలో ఊరికే నిలబెట్టిన కారుకు కూడా ఇన్సూరెన్స్ ఉండాలా?

"కారు ఏడాదిగా తీయడం లేదు, ఇంటి ముందు రోడ్డు మీదే ఉంటుంది. ఇన్సూరెన్స్ అయిపోయింది. కట్టాలా, వదిలేయొచ్చా?" అని అడిగారు.

కట్టాలండీ. పద్నాలుగు నెలలు కట్టకుండా వదిలేసిన మనిషిగా చెబుతున్నాను.

మాది తిరుపతి. కపిలతీర్థం వైపు, కొంచెం వాలుగా ఉండే వీధి. నాన్న పోయాక ఆయన చిన్న కారును అమ్మబుద్ధి కాలేదు, అట్లని నడపనూ లేదు. నాకు స్కూటర్ చాలు. కవర్ కప్పి గోడ వారగా పెట్టేశాను. హ్యాండ్‌బ్రేక్ లూజుగా ఉందని తెలుసు, మెకానిక్ దగ్గరికి పోవడానికి బద్ధకం. గేరులో వదలాలన్న బుద్ధి కూడా పుట్టలేదు. ముందు టైరుకు ఒక రాయి అడ్డం పెట్టి ఊరుకున్నాను. రెన్యువల్ కోసం ఫోన్ వస్తే "తిరగని బండికి ఎందుకయ్యా" అని పెట్టేసేవాణ్ణి.

వేసవి సెలవుల్లో ఒక ఆదివారం పొద్దున మేడ మీద పళ్లు తోముకుంటున్నాను. కింద పిల్లలు క్రికెట్‌కు సిద్ధమవుతున్నారు. వికెట్లకు ఆనించడానికి వాళ్లకు రాయి కావాల్సి వచ్చింది. ఎక్కడి రాయి తీశారో చెప్పక్కర్లేదు కదా.

"సామీ! నీ కారు పోతా ఉండాదే!" అని మలుపులో ఇడ్లీలు అమ్మే అక్క కేక. చూద్దును కదా, ముసుగు వేసుకున్న కారు చప్పుడు లేకుండా వీధి దిగిపోతోంది. బ్రష్షు నోట్లో పెట్టుకునే మెట్లు దిగి పరిగెత్తాను. అక్క, తింటున్న నలుగురు ఆకులు వదిలేసి పక్కకు దూకారు. కారు పోయి తోపుడు బండిని గుద్ది వేపచెట్టుకు ఆనుకుని ఆగింది. బండి చక్రం విరిగింది, స్టవ్ బోర్లా పడింది, సాంబారంతా కాలవపాలు. మనుషులకు గీత కూడా పడలేదు. సిలిండర్ ఆ పక్కన ఉంది కాబట్టి సరిపోయింది, ఈ పక్కన ఉండుంటే అని ఇప్పటికీ రాత్రిళ్లు గుర్తొస్తుంది.

పోలీసాయన వచ్చి ముందు అడిగింది ఇన్సూరెన్స్ కాగితమే. "నేను నడపలేదు సార్, అది ఆగి ఉన్న బండి" అన్నాను. "ఆగి ఉంటే ఇంత దూరం ఎట్లా వచ్చింది?" అన్నాడు. 2,000 ఫైన్. రెండోసారి దొరికితే 4,000 అవుతుంది. మొదటిసారైనా, రెండోసారైనా మూడు నెలల దాకా జైలు కూడా వేయొచ్చు. 2019కి ముందు ఈ ఫైన్ వెయ్యే.

మన మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ 'నడపడం' అనదు, పబ్లిక్ స్థలంలో 'వాడటం' అంటుంది. నిలబెడితే వాడకం ఎట్లా అవుతుందని నేనూ వాదించాను. 1991లో సుప్రీంకోర్టు ఒక పెట్రోలు ట్యాంకరు కేసులో ఈ సంగతి తేల్చేసింది. ప్రమాదమై పడి ఉన్న ట్యాంకరు కొన్ని గంటల తర్వాత పేలింది. బండి కదలకుండా ఉన్నా అది వాడకం కిందికే వస్తుందని కోర్టు చెప్పింది. ఇంక మన వీధి కారు ఎంత? మీ కాంపౌండు లోపల, గేటు వేసి ఉంటే అది వేరే సంగతి.

కాంపౌండు అంటే గుర్తొచ్చింది. మా వీధిలో మూడంతస్తులు లేపిన వాళ్లున్నారు, ఒక్కరికీ కారు పెట్టే చోటు లేదు. కింద ఉన్న జాగాలో షట్టర్లు దించి అద్దెకిచ్చారు, కార్లేమో రోడ్డు మీద. బ్రహ్మోత్సవాలప్పుడు ఎక్కడివాళ్లో వచ్చి మన గేటుకు అడ్డంగా పెట్టి కొండకు పోతారు, తిరిగొచ్చేది మర్నాడే. పది గంటలు దాటి దిక్కులేకుండా పబ్లిక్ స్థలంలో వదిలేసిన బండిని తీయించడానికి అదే చట్టంలో 127వ సెక్షన్ ఉంది. మా వీధిలో దాన్ని వాడటం నేనైతే చూడలేదు. ఫైన్ మాత్రం నాకు పడింది!

అక్కకు చక్రం, స్టవ్, గిన్నెలు, నాలుగు రోజుల వ్యాపారం అన్నీ కలిపి 16,000 ఇచ్చాను. ఆమె ఇంకా తక్కువే అడిగింది, నాకే మనసొప్పలేదు. మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కట్టే ఇన్సూరెన్స్‌ను థర్డ్ పార్టీ అంటారు. వెయ్యి సీసీ లోపు కారుకు దాని ప్రీమియం ఏడాదికి 2,094, జీఎస్‌టీతో దాదాపు 2,500. ఫైన్‌తో కలిపితే ఏడేళ్ల ప్రీమియం ఆ ఒక్క పొద్దుటే పోయింది. అదే ఎవరి కాలో విరిగి, ప్రమాదాల నష్టపరిహారం తేల్చే ట్రిబ్యునల్‌కు పోయి ఉంటే, వాళ్లు ఎంత రాస్తే అంతా నా జేబులోంచే కట్టాలి.

మీరు నడపనప్పుడు మన కారు నష్టానికి కూడా వర్తించే ఫుల్ పాలసీ అక్కర్లేదు, థర్డ్ పార్టీ ఒక్కటి చాలు. ఏజెంటు జీరో డిప్రిసియేషన్, ఇంజిన్ ప్రొటెక్షన్ అని అదనపు కవర్ల పేర్లు మొదలుపెడతాడు, వినకండి. ఫుల్ పాలసీయే కావాలంటే మాత్రం, అయిపోయి 90 రోజులు దాటకముందే కట్టండి. దాటితే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది. మధ్యలో గ్యాప్ వచ్చింది కాబట్టి బండిని ఇన్‌స్పెక్షన్ కూడా చేస్తారు. కవర్ తీసి ఒకసారి కడిగి పెట్టుకోండి, నాది ఇన్‌స్పెక్షన్‌కు తీసేసరికి బానెట్ కింద పిల్లి ఈని ఉంది.