టెక్సాస్ వాళ్లకి 1836 అన్నా, అలమో కోట (ఆ ఏడాది మెక్సికో సైన్యంతో పోరాడి టెక్సాస్ పక్షం వాళ్లు చనిపోయిన చోటు) అన్నా ఎందుకంత పిచ్చి?

సగం కారణం భూమే. 1836లో మెక్సికో నుంచి విడిపోయిన టెక్సాస్, అప్పటికే అక్కడ స్థిరపడ్డ ఒక్కో కుటుంబానికి 4,600 ఎకరాల దాకా ఇచ్చింది (నల్లవాళ్లకి, ఆదివాసులకి మాత్రం లేదు). ఆ పాత పట్టాలు ఇప్పటికీ రాజధాని ఆస్టిన్‌లోని ల్యాండ్ ఆఫీసులో ఉన్నాయి, వాటిలో ముత్తాత పేరు దొరికితే 1891లో పెట్టిన 'డాటర్స్ ఆఫ్ ద రిపబ్లిక్ ఆఫ్ టెక్సాస్' (ఆనాటి వాళ్ల వంశంలోని ఆడవాళ్ల సంఘం) లాంటి సంఘాల్లో చేరడానికి అదే రుజువు. మిగతా సగం టీవీ పుణ్యం. 1950ల్లో డిస్నీ వాళ్లు అలమోలో చనిపోయిన వేటగాడు, రాజకీయ నాయకుడు డేవీ క్రాకెట్ కథ వేస్తే, అమెరికా పిల్లలంతా అందులో అతను పెట్టుకున్నలాంటి రకూన్ (అక్కడి ఒక అడవి జంతువు) తోలు టోపీల కోసం ఎగబడ్డారు. అయితే 1829లో మెక్సికో బానిసత్వాన్ని రద్దు చేయడం కూడా మెక్సికో నుంచి విడిపోయిన ఆ గొడవకి ఒక కారణం, ఇళ్లలో చెప్పుకునే కథల్లో ఆ ముక్క అంతగా వినపడదు.