చదువు మాన్పించి హైజంప్‌లో పెట్టమంటారా?

ప్రశ్న: మాది తెనాలి. మా అబ్బాయికి పుట్టుకతోనే ఎడమ చెయ్యి మోచేతి కింద లేదు. గుంటూరులో ఇంటర్ రెండో ఏడాది, ఎంపీసీ. స్కూల్లో పీఈటీ గారు నేర్పిన హైజంప్ వదల్లేదు, 1.60 మీటర్లు దూకుతున్నాడు. చదువు ఆపి వేరే రాష్ట్రంలోని ఒక అకాడమీలో చేర్చమంటున్నారు. పతకం వస్తే ఉద్యోగం గ్యారంటీ అట. జంపా, ఇంజినీరింగా? మా తర్వాత వాడి గతేంటన్నదే మా దిగులు.

జవాబు: మీరు అసలు అడగాలనుకున్నది ఆ చివరి వాక్యమే. ముందు దాని సంగతి చూద్దాం.

వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్‌లో 40 శాతం, ఆపైన ఉంటే 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని రిజర్వేషన్లు మీ వాడికి వర్తిస్తాయి. ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగులకు కనీసం 4 శాతం, ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు ఉంటాయి. అక్కడా పోటీ ఉంటుంది, కాదనను. కానీ పతకం ఏదని ఎవరూ అడగరు, చదువు అడుగుతారు. ఉద్యోగం కోసమని చదువు మాన్పిస్తే, ఉన్న దారిని మీ చేత్తో మీరే మూసినట్టు. ఒంటిచేత్తో ఇంటర్ దాకా వచ్చి, పైగా బార్ మీంచి దూకుతున్న పిల్లాడు మీ తర్వాత బతకలేడని ఎలా అనుకున్నారు?

ఇక జంప్. మోచేతి కింద చెయ్యి లేనివాళ్లు టీ47 పోటీలో దూకుతారు. అందులో మనవాడు నిషాద్ కుమార్, హిమాచల్‌లోని ఊనా జిల్లా కుర్రాడు. టోక్యో పారాలింపిక్స్‌లో 2.06, పారిస్ పారాలింపిక్స్‌లో 2.04 మీటర్లు, రెండుసార్లూ రజతం. రెండుసార్లూ స్వర్ణం అమెరికా ఆటగాడు రోడెరిక్ టౌన్‌సెండ్‌దే, 2.15, 2.12. మీ వాడి 1.60 ఈ వయసుకు మంచి మొదలే. కానీ అక్కడి నుంచి రెండు మీటర్లకు ఏళ్లు పడుతుంది, అందరూ చేరరు. పారిస్ తర్వాత కేంద్రం స్వర్ణానికి 75 లక్షలు, రజతానికి 50, కాంస్యానికి 30 ఇచ్చింది. ఆ అంకెలు చూసి ఇళ్లలో లెక్కలు వేస్తున్నారు, అదే నాకు నచ్చనిది. ఆ డబ్బు పతకం తెచ్చినవాళ్లకే. నాలుగో స్థానంలో నిలిచినవాడూ అన్నేళ్లూ కష్టపడ్డాడు కదా!

గ్యారంటీ అన్నవాళ్లను ఒకటి అడగండి: వర్గీకరణ, అంటే లోపాన్ని బట్టి ఏ క్లాస్‌లో ఆడాలో తేల్చడం, దాని సంగతేంటి? సదరం శాతం వేరు, క్రీడల్లో క్లాస్ వేరు. దాన్ని నిపుణుల ప్యానెల్ పరీక్షించి ఇస్తుంది. టోక్యోలో డిస్కస్ త్రోయర్ వినోద్ కుమార్‌కు కాంస్యం వచ్చాక, ఆ క్లాస్‌కు అర్హుడు కాదని ఫలితం రద్దు చేశారు. మీ వాడిది కంటికి కనిపించే లోపం, కండరాల బలం కొలిచే కేసుల్లో ఉన్నంత చిక్కు ఉండదు. అయినా ఆ పని ముందు జాతీయ స్థాయిలో, తర్వాత అంతర్జాతీయ పోటీల్లో జరగాల్సిందే. దాని ఊసెత్తకుండా ఫీజు అడిగేవాళ్లకు దూరంగా ఉండండి.

ఒక మాట కటువుగా అంటాను, ఏమీ అనుకోకండి. ఇంత రాశారు, అబ్బాయికి ఏం ఇష్టమో ఒక్క ముక్క రాయలేదు. లేని చేతిని ఇన్నాళ్లూ లోటుగా చూసి, ఇప్పుడు పెట్టుబడిగా చూస్తున్నారు. రెండూ వాడికి బరువే. సరదాగా దూకుతున్నవాడి మీద ఇంటి భవిష్యత్తు పెడితే, ఆ సరదా కాస్తా పోతుంది.

జంప్ మాన్పించమని మాత్రం అనను. ఇంజినీరింగే అక్కర్లేదు, బీకాం అయినా సరే, కాలేజీ గ్రౌండుకు దగ్గరగా ఉండాలి. రాత్రి దాకా స్టడీ అవర్స్ పెట్టే హాస్టల్లో వేస్తే ఆట అక్కడితో సరి. గుంటూరు, విజయవాడల్లో స్టేడియాలున్నాయి, నాగార్జున యూనివర్సిటీలో వ్యాయామ విద్య కోర్సులున్నాయి, రేపు కోచ్ కావాలన్నా దారి ఉంది. మామూలు జంపర్లతోనే సాధన చేయించండి. ఒక చెయ్యి లేకపోతే వంపులో పరుగెత్తేటప్పుడు, పైకి లేచేటప్పుడు ఊపు ఒక పక్కకు లాగుతుంది, ఆ తేడా పట్టుకునే కోచ్ కావాలి. దూకి పడేచోట మంచి ఫోమ్ బెడ్ ఉందో లేదో మీరే వెళ్లి చూడండి. లేకుంటే వీపు మీద పడే జంప్ చేయనివ్వొద్దు.

అకాడమీకి అడ్వాన్స్ కట్టొద్దు. పరీక్షలు కానివ్వండి. ఈసారి ఉత్తరం మీ అబ్బాయిని రాయమనండి.