యుద్ధంలో జరిగిన ఘోరాలను విలేకరులు బయటపెడితే దోషులకు నిజంగా శిక్ష పడుతుందా?

ఎక్కువసార్లు పడదు. పడినా అచ్చయిన వార్త వల్ల పడదు, దాని వెనక ఎవరో దాచిపెట్టిన కాగితమో ఫొటోనో ఉంటే పడుతుంది. పదకొండేళ్లు ఒక పేపరుకు మండల కంట్రిబ్యూటర్‌గా, అంటే మా మండలం వార్తలు రాసి పంపే విలేకరిగా చేశాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఈ ప్రశ్న వస్తే అందరూ మై లాయ్ పేరే ఎత్తుతారు. 1968 మార్చి 16న వియత్నాంలోని ఆ ఊరి మీద అమెరికా సైనికులు పడ్డారు. చనిపోయినవాళ్లు 504 మంది అని వియత్నాం లెక్క, ఆడవాళ్లు, ముసలివాళ్లు, చంటిపిల్లలతో సహా. సైన్యం మాత్రం 128 మంది శత్రువులను చంపామని గొప్పగా చెప్పుకుంది. ఏడాది తర్వాత రాన్ రైడెన్‌హవర్ అనే మాజీ సైనికుడు తోటివాళ్ల దగ్గర విన్నదంతా ఉత్తరంగా రాసి పెద్దలకు పంపితే విచారణ కదిలింది. సీమోర్ హెర్ష్ అనే విలేకరి రంగంలోకి దిగింది ఆ తర్వాతే.

హెర్ష్ చేసిన పనుల్లో నాకు బాగా నచ్చేది ఒకటుంది. నిందితుడు లెఫ్టినెంట్ కాలీ లాయర్‌ను కలవడానికి వెళ్లి, టేబుల్ మీదున్న ఛార్జిషీటును ఎదురు కుర్చీలోంచే తలకిందులుగా చదివేసి నోట్స్ రాసుకున్నాడు. అందులో 109 మంది హత్య అని ఉంది. ఈ విద్య మా ఎమ్మార్వో ఆఫీసులో నేనూ నేర్చాను. టీ తెప్పిస్తే ఇంకో పేజీ దొరికేది! ఇప్పటి కుర్రాళ్లకు ఆ అవసరం లేదు. వాట్సాప్‌లో వచ్చిన వీడియో గేముదో యుద్ధందో చూసుకోకుండానే బ్రేకింగ్ వేసేస్తున్నారు.

సరే, నా సంగతి. 1998లో మా వైపు ఒక గ్రానైట్ క్వారీలో బండ జారింది. నేను వెళ్లేసరికి టార్పాలిన్ కింద నాలుగు శవాలు ఉన్నాయి. పోలీసులు వచ్చేసరికి రెండే. మిగతా రెండూ ట్రాక్టర్‌లో ఎటో వెళ్లిపోయాయి. నేను ఆరు ఫొటోలు తీశాను. స్టూడియోలో రెండు ప్రింట్లు వేయించి సాయంత్రం బస్సుకు కవర్ వేశాను. మర్నాడు నాలుగు కాలమ్‌ల వార్త! లైన్ అకౌంట్ కింద, అంటే అచ్చయిన లైన్ల లెక్కన, ఎంతొచ్చిందో చెప్పడానికి సిగ్గేస్తుంది.

రెండేళ్లకు నష్టపరిహారం కేసులో నన్ను పిలిచారు. ఒడిశా నుంచి వచ్చిన ఒకావిడ, పక్కన చిన్న పిల్లాడు, బయట వరండాలో కూర్చుని ఉన్నారు. అవతలి లాయరు పేపరు కటింగ్‌ను రెండు వేళ్లతో పట్టుకుని, "ఇది వార్తండీ, సాక్ష్యం కాదు. నెగెటివ్ ఏదీ?" అన్నాడు. అచ్చయిన ఫొటోలో రెండు శవాలే పడ్డాయి. నాలుగూ కనిపించే ఫ్రేము నెగెటివ్‌లోనే ఉంది. దాన్ని నేను స్టూడియోవాడి దగ్గరే వదిలేశాను, వాడు పాత రీళ్లన్నీ ఎప్పుడో పారేశాడు. తేదీ రాసుకున్న పుస్తకం కూడా లేదు. ఆవిడ భర్త ఆ రోజు క్వారీకే రాలేదని తేల్చేశారు.

అందుకే మై లాయ్ కథలో నేను హెర్ష్ కంటే హేబర్లీ గురించి ఎక్కువ ఆలోచిస్తాను. అతను సైన్యం ఫొటోగ్రాఫర్. సైన్యం ఇచ్చిన కెమెరాలోని బ్లాక్ అండ్ వైట్ రీలు పైవాళ్లకు అప్పజెప్పి, సొంత కెమెరాలో తీసిన రంగు ఫొటోలు దగ్గర పెట్టుకున్నాడు. 1969 నవంబరులో అవి పేపర్లో పడ్డాకే జనం నమ్మారు. కానీ చంపుతున్న సైనికులు కనిపించే ఫ్రేములను తానే నాశనం చేశానని 2009లో ఒప్పుకున్నాడు.

ఇక మీరడిగిన శిక్ష సంగతి. పాతికమందికి పైగా అభియోగాలు పెడితే దోషిగా తేలింది కాలీ ఒక్కడే, 22 హత్యలకు. 1971లో యావజ్జీవం వేశారు. అధ్యక్షుడు నిక్సన్ జోక్యంతో జైల్లోంచి క్వార్టర్స్‌కు మార్చారు. మొత్తం మూడున్నరేళ్లు, అదీ ఎక్కువ భాగం గృహనిర్బంధం.

ఆ ఫొటో స్టూడియో ఉన్నచోట ఇప్పుడు సెల్ రీఛార్జ్ షాపు ఉంది. మొన్న రీఛార్జ్‌కని వెళ్లి, వెనక గదిలో పాత అట్టపెట్టెలేమైనా ఉన్నాయా అని అడిగొచ్చాను.