పాత కారు బ్రేక్ పెడల్ మెత్తబడితే ముందు మాస్టర్ సిలిండర్ చూడండి

మీ పాత కారు బ్రేక్ పెడల్ మెత్తగా దిగిపోతోంది, డబ్బాలో బ్రేక్ ఆయిల్ మాత్రం తగ్గట్లేదు, రెండుసార్లు ఎయిర్ తీయించినా (బ్రేక్ లైన్లో చేరిన గాలి తీయించినా) మళ్లీ మామూలే, ఇదేనా మీ సమస్య? అయితే మూడోసారి ఎయిర్ తీయించకండి, దండగ. ముందు రోగం ఎక్కడుందో తేల్చుకోండి, అది ఇంటి దగ్గరే తేలుతుంది.

బండి కదలకుండా ఇంజన్ ఆన్ చేసి పెడల్ మీద కాలు తేలిగ్గా ఆనించి ఒక నిమిషం అలాగే ఉంచండి. గట్టిగా తొక్కొద్దు, గట్టిగా తొక్కితే మాస్టర్ సిలిండర్ లోపలి అరిగిన రబ్బరు కూడా విచ్చుకుని సిలిండర్ గోడకి పట్టేస్తుంది, లోపం బయటపడదు. తేలిగ్గా పెట్టినప్పుడు పెడల్ మెల్లమెల్లగా కిందికి జారిపోతూ, బయట ఎక్కడా తడి లేకపోతే దాదాపు మాస్టర్ సిలిండరే, అంటే పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాల వైపు నెట్టే భాగం. ఆయిల్ బయటికి కారదు, లోపలే కప్పులు (పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు సీళ్లు) దాటి వెనక్కి పోతుంది, అందుకే డబ్బాలో లెవెల్ తగ్గదు. అలా కాకుండా నాలుగైదుసార్లు పంప్ చేస్తే గట్టిపడి అక్కడే నిలబడితే, అది లైన్లో ఎయిర్ గానీ వెనక చక్రాల బ్రేక్ డ్రమ్ముల్లో షూ (డ్రమ్ముకి ఒరుసుకుని చక్రాన్ని ఆపే ముక్క) అడ్జస్ట్‌మెంట్ వదులవడం గానీ. డ్రమ్ములు ఎలాగూ విప్పించండి, అందులో షూలని నెట్టే వీల్ సిలిండర్ రబ్బరు బూటు (తొడుగు) అంచు ఎత్తి చూస్తే లీకుంటే లోపల తడిగా ఉంటుంది.

మా నాన్నగారి కారుకి అచ్చం ఇదే సమస్య. మాస్టర్ సిలిండర్ విప్పితే కప్పుల అంచులు అరిగిపోయి, ముట్టుకుంటే వేలికి నల్లగా అంటుకున్నాయి, లోపలి గోడ మీద గోరు పెట్టి గీస్తే గీత తగిలింది. గీత పడ్డాక కిట్ వేయించడం, అంటే రబ్బర్లు మాత్రం మార్పించడం, శుద్ధ దండగ, కొన్నాళ్లకే మళ్లీ కారుతుంది. మాస్టర్ సిలిండర్ మొత్తం కొత్తది వేయించాం, పెడల్ పైనే నిలబడింది.

బ్రేక్ ఆయిల్ మొత్తం మార్పించండి. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 (బ్రేక్ ఆయిల్‌లో ఒక రకం) ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, నీళ్లు పట్టింది 140 దగ్గరే మరిగిపోవచ్చు. శ్రీశైలం ఘాట్ దిగుతూ బ్రేక్ మీద కాలు పెట్టి కూర్చుంటే ఆ వేడి పుట్టడం ఎంతసేపు? ఆయిల్ డబ్బా మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో రాసుంటుంది, అదే పోయండి, డాట్ 5 మాత్రం వద్దు, అది సిలికాన్.

ఎయిర్ తీసేటప్పుడు మెకానిక్‌కి ఒక మాట గట్టిగా చెప్పండి, పాత సిలిండర్ ఉన్న బండికి పెడల్ అడుగంటా తొక్కకూడదు. రోజూ పిస్టన్ వెళ్లని చోట లోపల తుప్పు, మడ్డి పేరుకుని ఉంటాయి, బాగున్న కప్పు కూడా అక్కడ కోసుకుపోతుంది. పెడల్ కింద చిన్న చెక్కముక్క పెడితే చాలు. మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టడం మామూలు పద్ధతి, కొన్ని బండ్లకి వరస వేరు కాబట్టి మాన్యువల్ చూసుకోండి. ఆయిల్ పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లు పోసి కడగండి.

ఇదంతా అయ్యేదాకా బండి రోడ్డెక్కించకండి, గ్యారేజీకి టోయింగ్ మీదే పంపండి.