గ్రీకు ఇక్కడే మొదలుపెట్టాలా, వెళ్లాక చూసుకోవచ్చా?

ప్రశ్న: మావారికి గ్రీసులోని థెస్సలోనికిలో ఉద్యోగం వచ్చింది. ఆరు నెలల్లో ఇద్దరం వెళ్లాలి. అక్కడ ఇంగ్లీషుతో నడిచిపోతుందని కొందరంటున్నారు. గ్రీకు ఇప్పుడే నేర్చుకోవాలా? లెక్కల్లో చదివిన ఆల్ఫా, బీటాలు తప్ప నాకేమీ రాదు, చాలా టెన్షన్‌గా ఉంది. – ఒక పాఠకురాలు

జవాబు: ఈ రోజే మొదలుపెట్టండమ్మా. ఇంగ్లీషుతో నడుస్తుందన్నది నిజమే, ఆఫీసుల్లో, కుర్రకారుతో నడుస్తుంది. కానీ మీవారు ఆఫీసుకెళ్లాక మీకు ఎదురయ్యేది పక్కింటి పెద్దావిడ, వారానికోసారి వీధిలో పెట్టే లయికీ సంతలో టమాటాలు తూచే ఆయన. వాళ్లతో గ్రీకు కావాలి.

నేను ఏథెన్స్‌లో రెండేళ్లున్నాను. వెళ్లిన కొత్తలో ఒక బస్సు నాకు కావలసిన చోటికి వెళ్తుందా అని డ్రైవర్‌ని అడిగితే ‘నే’ అన్నాడు, నేను ‘నో’ అనుకుని దిగిపోయాను. నే అంటే అవును. కాదు అనడానికి ‘ఓహీ’ అంటారు, చాలాసార్లు అది కూడా అనరు, గడ్డం కాస్త పైకెత్తి, కనుబొమలు ఎగరేసి, నాలుకతో చిన్న చప్పుడు చేస్తారు, అంతే. మన తల ఊపుడు వాళ్లకి అర్థం కాదు కాబట్టి నోటితో చెప్పడం అలవాటు చేసుకోండి. ఇంకొకటి, ఐదు అని చెప్పడానికి అరచెయ్యి వేళ్లు చాచి ఎదుటివాళ్ల ముఖం వైపు పెట్టకండి. దాన్ని మూడ్జా అంటారు, పెద్ద తిట్టు కింద లెక్క.

అక్షరాలు 24, వారంలో వచ్చేస్తాయి. అయితే లెక్కల్లో నేర్చుకున్న పలుకుబడి మర్చిపోండి, బీటాని ఇప్పుడు ‘వీటా’ అంటారు. ఇంగ్లీషు పి లా కనిపించేది ‘ర’, పెద్ద హెచ్ లా కనిపించేది ‘ఇ’. ఆ ‘ఇ’ శబ్దాన్నే ఆరు రకాలుగా రాస్తారు, కాబట్టి రాతలో తప్పులొస్తే బాధపడొద్దు.

తెలుగువాళ్లకి కలిసొచ్చేవీ ఉన్నాయి. ప, త, క లు మనలాగే గాలి వదలకుండా పలుకుతారు. నువ్వు, మీరు తేడా వాళ్లకీ ఉంది, పెద్దవాళ్లని, కొత్తవాళ్లని మీరు అనే అనాలి. కృష్ణుడిని కృష్ణా అని పిలిచినట్టు యోర్గోస్‌ని ‘యోర్గో’ అని పిలుస్తారు. నిజంగా కష్టమైంది ఒత్తి పలకడం, అంటే మాటలో ఒక అక్షరాన్ని మిగతావాటికన్నా గట్టిగా నొక్కి అనడం. ‘పోతే’ అనే మాటలో మొదటి అక్షరం ఒత్తితే ‘ఎప్పుడు’, రెండోది ఒత్తితే ‘ఎన్నడూ లేదు’! తెలుగులో ఈ తేడా లేదు కాబట్టి మన చెవి దాన్ని పట్టుకోదు. అందుకే రోజూ అరగంట గ్రీకు రేడియో వినండి, అర్థం కాకపోయినా సరే, వ్యాకరణం తర్వాత చూసుకోవచ్చు.

పుస్తకం కొనేటప్పుడు ఆధునిక గ్రీకేనా అని చూడండి. ప్రాచీన గ్రీకు పుస్తకం సంతలో పనికిరాదు. మన గ్రాంథికం లాంటి కథరేవుసా చాలాకాలం ప్రభుత్వ భాషగా ఉండేది, 1976లో వాడుక భాషకి ఆ స్థానం దక్కింది. పరీక్ష రాయాలనుంటే ఎల్లినోమాథియా ఉంది, దాన్ని నిర్వహించే గ్రీకు భాషా కేంద్రం మీరు వెళ్లే ఊళ్లోనే ఉంది.

వెళ్లగానే వినపడే మాట ‘ఆఫిమి’. అది పన్ను నంబరు, ఇల్లు అద్దెకి తీసుకున్నా, బ్యాంకు ఖాతా తెరిచినా అడుగుతారు. మధ్యాహ్నం మూడు నుంచి ఐదున్నర దాకా ఫ్లాట్లలో చప్పుడు చేయకండి, ముఖ్యంగా వేసవిలో, అది విశ్రాంతి వేళ.

అక్కడ పుట్టినరోజు కన్నా పేరు రోజుని, అంటే తమకున్న పేరు గల సెయింట్ పండుగ రోజుని, బాగా పట్టించుకుంటారు. అక్టోబర్ 26 మీ ఊరి రక్షకుడైన సెయింట్ దిమిత్రియోస్ పండుగ, 1912లో ఆ ఊరు గ్రీసుకి దక్కిన రోజు కూడా అదే. ఆ రోజు దిమిత్రిస్ అన్న పేరున్న పొరుగాయన కనిపిస్తే ‘క్రోనియా పొల్లా’ అనండి. చాలా ఏళ్లు అని అర్థం, మన నిండు నూరేళ్లు లాంటి దీవెన.