పీఎం కిసాన్ గత రెండు విడతలూ పడలేదు, ఏపీ ప్రభుత్వం ఇచ్చే అన్నదాత సుఖీభవా రాలేదు. ఎక్కడ ఆగినట్టు?

"బ్యాంకులో ఆధార్ ఇచ్చాం, ఈకేవైసీ అయింది, అయినా నాన్న ఖాతాలో డబ్బు పడట్లేదు" అని రాశారు. నాకు మొదటి అనుమానం "బ్యాంకులో ఆధార్ ఇచ్చాం" అన్న మాట మీదే. చాలాచోట్ల కౌంటర్‌లో జిరాక్స్ తీసుకుని కేవైసీకి ఎక్కించి పంపేస్తారు. డబ్బు పడాలంటే ఆ ఖాతా ఎన్‌పీసీఐలో (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) డీబీటీకి, అంటే ప్రభుత్వ సొమ్ము నేరుగా ఖాతాలో పడే పద్ధతికి, నమోదై ఉండాలి. అది వేరే పని, దానికి సమ్మతి పత్రం వేరేగా ఇవ్వాలి.

ఆఫీసుల చుట్టూ తిరిగే ముందు పీఎం కిసాన్ సైట్‌లో 'నో యువర్ స్టేటస్' తెరవండి. రిజిస్ట్రేషన్ నంబరు గుర్తులేకపోతే ఆధార్‌తోనో మొబైల్‌తోనో అక్కడే దొరుకుతుంది. ల్యాండ్ సీడింగ్ (పొలం రికార్డు జతపడటం), ఈకేవైసీ, ఆధార్ బ్యాంక్ సీడింగ్ (ఖాతాకు ఆధార్ జతపడటం) అని మూడు గళ్లు కనబడతాయి. ఏ గడిలో 'నో' ఉందో దాన్నిబట్టే ఎవరి దగ్గరికి వెళ్లాలో తేలుతుంది.

బ్యాంక్ సీడింగ్ 'నో' అయితే బ్రాంచిలో "డీబీటీకి ఆధార్ సీడింగ్ చేయండి" అని అదే మాటతో అడిగి, ఫారం ఇచ్చి, రసీదు తీసుకోండి. మైఆధార్ సైట్‌లో 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' చూస్తే ఏ బ్యాంకుకు కలిసిందో, యాక్టివ్‌గా ఉందో లేదో తెలుస్తుంది. ఒక ఆధార్‌కు ఒకే బ్యాంకు ఉంటుంది, చివరగా సీడ్ చేసిందే లెక్క. ఎప్పుడో తెరిచి మరిచిపోయిన ఖాతాలో డబ్బు పడుతూ ఉండటం అరుదేమీ కాదు, ఆ పాస్‌బుక్కులూ ఒకసారి ఎంట్రీ వేయించండి. బ్యాంకుతో విసిగిపోతే పోస్టాఫీసులో ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంక్ ఖాతా తెరిచి దానికే సీడ్ చేయించుకోవచ్చు. కాకపోతే గ్యాస్ సబ్సిడీ లాంటివి కూడా ఇక అందులోకే వెళ్తాయి.

ల్యాండ్ సీడింగ్ 'నో' అయితే అసలు చిక్కు అక్కడుంది. రైతు సేవా కేంద్రంలో వ్యవసాయ సహాయకుణ్ని కలవండి. 1బి (పొలం ఎవరి పేరున ఉందో చూపే రెవెన్యూ కాగితం), పట్టాదారు పాస్‌బుక్కు, ఆధార్ పట్టుకెళ్లండి. వెబ్‌ల్యాండ్‌లో (రెవెన్యూ వారి ఆన్‌లైన్ భూమి రికార్డు) పొలం ఖాతాకు తప్పు ఆధార్ ఎక్కి ఉంటే మాత్రం ఆయన చేతిలో ఏమీ లేదు, రెవెన్యూ వాళ్లే సరిచేయాలి. భూమి ఇంకా తాతగారి పేరునే ఉంటే ముందు మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) కావాలి. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం సిద్ధం చేసుకోండి. ఒక సంగతి ముందే తెలుసుకోండి: 2019 ఫిబ్రవరి 1 తర్వాత కొన్నదో, గిఫ్ట్ డీడ్‌తో వచ్చిందో అయితే పీఎం కిసాన్ వర్తించదు. పట్టాదారు చనిపోయి వారసత్వంగా వచ్చిన దానికి ఆ గడువు లేదు.

మూడూ 'ఎస్' అని ఉన్నా పడకపోతే అర్హత చూసుకోండి. భార్యాభర్తలు, మైనరు పిల్లలు కలిపి ఒక కుటుంబం, ఇద్దరి పేరునా పొలం ఉన్నా 6,000 ఒక్కరికే. ఇద్దరికీ పడుతున్నట్టు అనుమానం వస్తే విడత ఆపి విచారిస్తారు. గత సంవత్సరం ఆదాయపు పన్ను కట్టినా, నెలకు 10,000 లేదా ఆపైన పింఛను వస్తున్నా పేరు పోతుంది (నాలుగో తరగతి ఉద్యోగులకు పింఛను నిబంధనలో మినహాయింపు ఉంది). కౌలుదారుకు పీఎం కిసాన్ లేదు.

సుఖీభవ విషయంలో చాలామంది పొరపడేది లెక్క దగ్గర. ఏటా 20,000 అంటే కేంద్రం 6,000, రాష్ట్రం 14,000. 2025 ఆగస్టు 2న మొదలైన తొలి విడతలో రాష్ట్రానివి 5,000, కేంద్రానివి 2,000. ఒక్కసారే 7,000 పడిందా అని వెతికితే దొరకదు, రెండు ఎంట్రీలుగా చూడండి. సుఖీభవ సైట్‌లో ఆధార్ కొడితే తిరస్కరణకు కారణం కూడా కనబడుతుంది. ఎక్కువగా అదీ వెబ్‌ల్యాండ్ తప్పే.

తప్పు సరిదిద్దాక, అర్హత ఉంటే ఆగిన పీఎం కిసాన్ విడతలు కూడా వస్తాయి. కాబట్టి పాతవి పోయాయని వదిలేయకండి. కేంద్రం హెల్ప్‌లైన్ 155261. వాట్సాప్‌లో పీఎం కిసాన్ పేరుతో ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్) వస్తే మాత్రం నొక్కకండి, ఖాతాలో ఉన్నదీ పోతుంది.