సపోటా చచ్చి పాల చెట్టు లేచింది, కొట్టేయాలా?

సందేహం: ఇరవై ఏళ్ల కిందట ఎకరంలో సపోటా అంట్లు నాటాం. ఒకదానికి రెండేళ్లకే పైభాగం ఎండిపోయింది. మొదట్లోంచి వేరే కొమ్మలు లేచి పెద్ద చెట్టయింది. ఎండాకాలంలో వేపకాయంత పసుపు పండ్లు కాస్తోంది. పగలు పిట్టలు, రాత్రి గబ్బిలాలు. సపోటాకు నష్టమని మా ఆయన కొట్టేద్దామంటున్నారు.
– ఓ మహిళా రైతు, వింజమూరు మండలం, నెల్లూరు జిల్లా

సలహా: కొట్టకండమ్మా. అది పాల చెట్టు. సపోటా మెక్సికో వైపు నుంచి వచ్చింది. మన దగ్గర దాన్ని ఈ పాల మొక్క వేరు మీదే అంటు కడతారు. మీ తోటలో అంటు చచ్చినా వేరు బతికి, తన కాయ తను కాసింది. అనుమానముంటే ఆకు తెంపి చూడండి, కొస గుండ్రంగా ఉండి మధ్యలో చిన్న నొక్కు ఉంటుంది. పండు తియ్యగా ఉంటుంది గానీ పెదాలకు బంకలా అంటుకుంటుంది.

ఇంకేమీ దొరకని ఎండల్లో కాసే చెట్టిది. పిగిలిపిట్టలు, కోయిలలు, గోరింకలు అందుకే వస్తున్నాయి. గోరింకలు తోటలో పురుగులనూ ఏరుకు తింటాయి. అడవిలో అయితే ఈ పండంటే ఎలుగుబంటికి ప్రాణం.

గబ్బిలాల భయం నిజమే. కానీ చెట్టు మీద మెత్తబడిన సపోటాకే వాటి పోటు ఎక్కువ. కాయను గోటితో గీరండి. లోపల ఆకుపచ్చగా ఉండి పాలు కారితే లేతది. పసుపు కనిపించి పాలు రాకపోతే ఆ రోజే కోసేయండి. పాల చెట్టు తీసేస్తే అవి నేరుగా సపోటా మీద పడతాయని నా అంచనా. కొరికిన పండ్లు మాత్రం పిల్లలను తిననివ్వకండి.

అసలు మీరు అడగాల్సింది మిగతా చెట్ల సంగతి. అతుకు కింద నుంచి పిలకలు వస్తున్నాయేమో చూసి, లేతగా ఉన్నప్పుడే చేత్తో ఒలిచేయండి. వదిలేస్తే బలమంతా పిలకలకే పోయి పైన సపోటా నీరసిస్తుంది. ముదిరిన పాల మాను మీద మళ్లీ అంటు కట్టిద్దామనుకోకండి, అతుకు పట్టడం కష్టం.

రాలిన పాల పండ్ల గింజలు గుజ్జు పోయేలా కడిగి, తాజాగా ఉండగానే ఇసుక కలిపిన మట్టిలో వేయండి. ఎదుగుదల నత్తనడకే, అంటుకు పనికొచ్చేసరికి రెండేళ్లు దాటుతుంది. ముందుగా దగ్గర్లోని నర్సరీ వాళ్లను ఒక మాట అడగండి. సపోటా అంట్లు కట్టేవాళ్లకు పాల మొక్కలతో పని ఉంటుంది.